ప్రతిపదార్థం గారికి ఒక పూర్వ విద్యార్థిని లేఖ

నాగర్‌కర్నూల్

గౌరవనీయులైన ప్రతిపదార్థం గారికి,

నమస్కారం. మొన్న మా మేనల్లుడి తెలుగు గైడులో కనిపించారు. ముప్పై ఏళ్లయినా మీకు ఒక్క వెంట్రుక కూడా నెరవలేదు. వేమన పద్యం కింద కూర్చుని ఇప్పటికీ అదే పాఠం: ఉప్పు అంటే లవణము.

ఉప్పు తెలియని పిల్లలు పాలమూరులో ఉన్నారా అండీ? లవణము తెలియని వాళ్లున్నారు. మాకు తెలిసినదాన్ని తెలియనిదానితో వివరించి, దానికి రెండు మార్కులు కూడా ఇప్పించారు. ఆ రుణం ఎట్లా తీర్చుకోవాలో తెలియక ఈ ఉత్తరం.

మా నానమ్మకు చదువు రాదు. పల్లికాయ ఒలుచుకుంటూ బతుకమ్మ పాట ఎత్తుకునేది. పక్కనున్నవాళ్లు ఒక మాట ఎక్కువ కలిపితే 'ఉయ్యాలో' దగ్గరికి ఆలస్యంగా చేరేవాళ్లు. చేతిలో కాయ అట్లనే పట్టుకుని, "ఆగుండ్రి, కాలు తప్పింది" అనేది. పద్యంలో సాగదీసి పలికే అక్షరాన్ని గురువు అనీ, పొట్టిగా పలికేదాన్ని లఘువు అనీ అంటారని ఆమె ఎన్నడూ వినలేదు.

ఇంటర్ అయిపోయాక ఒకరోజు ఊరికే చప్పట్లు కొడుతూ పద్యం చివరి పాదం పలికి చూశాను. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదు దెబ్బలు, దెబ్బకు మూడు మాత్రలు. 'విశ్వ'లో రెండు మాత్రల గురువు ఒకటి, ఒక మాత్ర లఘువు ఒకటి. 'వినుర'లో మూడూ లఘువులే. ఈ రెండు రకాల అక్షరాల గుంపులనే సూర్యగణాలంటారు, ఐదూ అవే! మొదట్లో వచ్చిన 'వి' నాలుగో గణం దగ్గర మళ్లీ ఎదురొచ్చి పలకరిస్తుంది. యతి అంటే అదేనట. ఇన్నేళ్లూ ఆ పాదాన్ని మీరు 'ఓ వేమా! వినుము' అని సరిపెట్టారు. ఈ పద్యం ఛందస్సు ఆటవెలది, అంటే నాట్యమాడే స్త్రీ. పేరులోనే ఆట ఉంది కదా, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఆధార్ వివరాలు రాసుకున్నట్టు రాసుకున్నారు.

మీ పక్కింటి కవి పరిచయం గారూ తక్కువేం కాదు. కాలం, తల్లిదండ్రులు, బిరుదులు. కవులంటే ఎక్కడో పుట్టి ఎప్పుడో పోయినవాళ్లని నమ్మేశాం. తెలంగాణలో కవులే లేరన్న మాటకు మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి, 354 మందిని వరుసగా నిలబెట్టారని ఆలస్యంగా తెలిసింది. అంత పెద్ద జవాబు పద్యాలతోనే చెప్పారు, మిమ్మల్ని పిలవలేదు. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు తెచ్చిన కవులైనా, సంస్థానంలో పద్యం చదివి "ఉప్పు అంటే లవణము, ప్రభూ" అని ఉంటారా?

అసలు దెబ్బ నేను రాయడం మొదలుపెట్టాక తగిలింది. మీరు అవసరమయ్యేదే కవిత్వం అనుకున్నాను. నా మొదటి కవితలో నిశీథి, మరీచిక, హృదయాంతరాళం, అన్నీ మీకు పని కల్పించడానికే పెట్టాను. నానమ్మకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "మంచిగనే ఉన్నది బిడ్డా. నిన్ను ఎవలన్న తిట్టిండ్రా?" అంది.

ఆ కవిత ఇంకా నా దగ్గరే ఉంది. అర్థం నాక్కూడా గుర్తులేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. కర్త ఒక మూల, క్రియ ఒక మూల ఉండే ప్రబంధ పద్యం ఎదురైతే మీరు లేకుండా దారి దొరకదు. నాలుగుసార్లు పైకి చదువుకున్నాక మీరొస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. పెళ్లికొడుకు కంటే ముందే వచ్చి పీటల మీద కూర్చోవడంతోనే పేచీ.

నిన్న మేనల్లుడికి చప్పట్లు కొట్టడం నేర్పాను. వాడికి నచ్చింది. అన్నం తింటూ కంచం మీద కూడా వాయించాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "అత్తా, దీనికి ఎన్ని మార్కులు?"

రేపే వాడి తెలుగు పరీక్ష. కాబట్టి, పైన రాసినవేవీ మనసులో పెట్టుకోకుండా ఈ ఒక్క రాత్రికి మా ఇంటికి దయచేయండి. వీలైతే తాత్పర్యం గారిని కూడా వెంటబెట్టుకుని రండి.

ఇట్లు,
లవణము రాసి రెండు మార్కులు తెచ్చుకున్న
మీ పూర్వ విద్యార్థిని