పట్టా లేని చదువు మీద అయిదు నిందలు

కొంతకాలంగా ఫోన్లలో ఒక సందేశం చేతులు మారుతోంది. ఎవరు రాశారో తెలియదు గానీ, పంపేవాళ్లంతా తామే రాసినంత ధీమాగా పంపుతున్నారు. కాలేజీకి ప్రత్యామ్నాయం అంటూ పాతిక ముప్పై మందిని పోగేసి నడిపే విద్యాలయాల మాయలో పడవద్దని అందులోని హెచ్చరిక. దానికి కారణాలు అయిదు చెప్పారు. అక్కడ పట్టా ఇవ్వరు కాబట్టి అది చదువే కాదు. అర్హతలున్న అధ్యాపకులు ఉండరు. అది కడుపు నిండినవాళ్ల కాలక్షేపం. అంత చిన్న చోటు వల్ల సమాజానికి ఒరిగేదేమీ లేదు. ఎలాగూ నాలుగేళ్లకు మూతపడుతుంది.

ఈ అయిదింటిలో కొన్నింట్లో కాస్త నిజం ఉంది, దాన్ని దాచను. కానీ ఆ కాస్త నిజాన్ని అడ్డం పెట్టుకుని నూట ఎనభై ఏళ్ల చరిత్రను ఒక్క వేటుతో కొట్టిపారేయడమే నాకు మింగుడుపడలేదు.

ముందు పట్టా సంగతి. పట్టా రెండు పనులు చేస్తుంది. ఫలానా విషయం ఈ మనిషి నేర్చుకున్నాడని చెబుతుంది, ఆ తరువాత కొన్ని తలుపులు తెరుస్తుంది. సందేశం రాసినవారు ఈ రెంటినీ కలిపేసి, తలుపు తెరవకపోతే నేర్చుకోనట్టే అని తేల్చేశారు. డెన్మార్క్‌లోని రోడింగ్‌లో 1844లో మొదటి ఫోక్ హైస్కూల్ మొదలైంది. పేరులో హైస్కూల్ ఉన్నా అది పెద్దవాళ్ల కోసం. గ్రుండ్ట్‌విగ్ అనే కవి, మతాచార్యుడు దాని వెనుక ఉన్న ఆలోచనాపరుడు. లాటిన్ వల్లె వేయించే చదువు బతికున్న మనుషులకు పనికిరాదని, పల్లె యువత ఒకచోట కలిసి ఉంటూ తమ భాషలో మాట్లాడుకుంటూ నేర్చుకోవాలని ఆయన వాదించాడు. ఆ దేశంలో ఇప్పటికీ అలాంటి విద్యాలయాలు డెబ్బై దాకా ఉన్నాయి. పరీక్షలు లేవు, మార్కులు లేవు, ప్రభుత్వ నిధులు మాత్రం ఉన్నాయి. పరీక్ష పెట్టకపోవడం అక్కడ లోపం కాదు, నియమం.

రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో మొదలై, చదువురాని అమ్మమ్మలకు సైతం సౌరదీపాలు బిగించడం నేర్పిన బేర్‌ఫుట్ కాలేజీ కూడా పట్టాలు ఇవ్వదు. కాగితం చేతికిస్తే అది పట్టుకుని పట్నం పోతారని, నేర్చుకున్న విద్య ఊళ్లోనే ఉండాలని అక్కడివారి వాదన. ఆ వాదన మనకు నచ్చకపోవచ్చు. నాకే పూర్తిగా నచ్చలేదు, పట్నం పోయే హక్కు ఎవరికైనా ఉంటుంది కదా. కానీ అది తెలిసి చేసిన నిర్ణయమే గానీ చేతకానితనం కాదు.

పైగా చిన్న విద్యాలయంలో చేరితే అన్ని తలుపులూ మూసుకుపోతాయన్నదీ నిజం కాదు. కాలిఫోర్నియాలోని ఒక ఎడారి లోయలో డీప్ స్ప్రింగ్స్ అనే రెండేళ్ల కాలేజీ 1917 నుంచి నడుస్తోంది. మొత్తం విద్యార్థులు ముప్పై లోపే. పశువుల మేత నుంచి వంటపని దాకా వారానికి ఇరవై గంటల శ్రమ వాళ్లదే. కొత్తగా ఎవరిని చేర్చుకోవాలో, ఏ అధ్యాపకుణ్ణి పిలవాలో నిర్ణయించడంలోనూ వాళ్లకు పాత్ర ఉంది. ఆ రెండేళ్ల తరువాత వాళ్లలో ఎక్కువ మంది పెద్ద విశ్వవిద్యాలయాల్లో చేరి డిగ్రీ పూర్తి చేస్తారు.

ఇక ఒప్పుకోవలసిన మాట. వైద్యం, న్యాయవాదం, వంతెనలు కట్టే ఇంజినీరింగ్ లాంటి వృత్తులకు గుర్తింపు పొందిన పట్టా కావాలి, ఉండి తీరాలి కూడా. కత్తి పట్టుకున్నవాడు ఎక్కడ నేర్చుకున్నాడో రోగికి తెలియాలి. ఆ దారికి మేమే ప్రత్యామ్నాయం అని ఏ చిన్న విద్యాలయమైనా చెప్పుకుంటే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది. సందేశంలో ఇంతవరకే రాసి ఉంటే నేనూ నలుగురికి పంపేవాణ్ణి.

రెండో నింద అర్హతల గురించి. దీనికి జవాబుగా ఒక బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ గురించి చెప్పాలి.

మైల్స్ హోర్టన్ అనే యువకుడు డెన్మార్క్ వెళ్లి ఆ ఫోక్ హైస్కూళ్లను చూసి వచ్చి, 1932లో అమెరికాలోని టెనెసీ కొండల్లో మరికొందరితో కలిసి హైలాండర్ ఫోక్ స్కూల్ స్థాపించాడు. అప్పట్లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివారు ఓటరుగా నమోదు కావాలంటే చదవడం వచ్చని రుజువు చేసుకోవాలి. సౌత్ కరోలినా తీరంలోని జాన్స్ దీవిలో ఈసా జెంకిన్స్ తన బస్సెక్కి పనికి వెళ్లే ప్రయాణికులకే దారిలో రాజ్యాంగ భాగాలు చదివించేవాడు. బస్సులో చదువు ఎంత దూరం సాగుతుంది? ఆయన హైలాండర్ సాయం అడిగాడు. పౌరహక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు బడిలో ఉద్యోగం పోగొట్టుకున్న సెప్టిమా క్లార్క్ ఆ తరువాత హైలాండర్‌లో చేరింది. అందరూ కలిసి ఆలోచించి, బోధించడానికి శిక్షణ పొందిన టీచరును కావాలనే వద్దనుకున్నారు. అలాంటివారు పెద్దవాళ్లను కూడా చిన్నపిల్లల్లా చూస్తారని భయం. బెర్నీస్ రాబిన్సన్‌ను ఎంచుకున్నారు. ఆమె వృత్తి జుట్టు అలంకరణ. నాకు బోధించడం రాదని ఆమె మొత్తుకుంది.

1957 జనవరిలో ఒక సహకార దుకాణం వెనుక గదిలో పద్నాలుగు మందితో తరగతి మొదలైంది. రాబిన్సన్ చిన్నపిల్లల పుస్తకాలు పక్కన పెట్టి, మీకు ఏం నేర్చుకోవాలని ఉందని వాళ్లనే అడిగింది. పేరు రాయడం, బైబిలు చదవడం, మనియార్డరు ఫారం నింపడం అన్నారు. అవే పాఠాలయ్యాయి, ఆ వెంటే ఓటరు నమోదు పత్రం కూడా. ఈ తరగతులు దీవి దాటి దక్షిణాది అంతటా పాకాయి. 1961లో మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ వాటి బాధ్యత తీసుకుంది. అదే ఏడాది టెనెసీ ప్రభుత్వం హైలాండర్ అనుమతి పత్రాన్ని రద్దు చేసి ఆస్తులు స్వాధీనం చేసుకుంది. పనికిరాని చదువు చెప్పే చోటైతే దాని మీద ఒక ప్రభుత్వం అంత కక్ష కట్టదు. 1955 వేసవిలో ఆ బడిలోనే రెండు వారాల శిక్షణకు వచ్చిన రోసా పార్క్స్ ఆ డిసెంబరులో బస్సులో తెల్లవారి కోసం సీటు వదలనంది. ఆ శిక్షణ వల్లే వదలలేదని నేను అనను, ఆమె ధైర్యం ఆమెదే.

అయితే అర్హతే అక్కర్లేదని దీని అర్థం కాదు. రాబిన్సన్‌కు ఆ మనుషులు తెలుసు, వాళ్ల అవసరం తెలుసు. ఆ పనికి అది అర్హతే. గణితం చెప్పాలంటే గణితం రావాలి, అందులో వాదన ఏముంది?

కాలక్షేపం అన్న నింద త్వరగా తేలిపోతుంది. ఇప్పుడు నడుస్తున్నవాటిలో కొన్ని రుసుము దండిగా తీసుకుని, తీరిక ఉన్నవాళ్లకే అందుతున్న మాట నిజం. వాటిని నేను వెనకేసుకురాను. కానీ ఇంతవరకు చెప్పిన పేర్లు మళ్లీ చూడండి: డెన్మార్క్ రైతుబిడ్డలు, ఓటు లేని నల్లజాతి కూలీలు, తిలోనియాలో సౌరదీపాలు బిగించడం నేర్చుకున్న చదువురాని అమ్మమ్మలు. వీళ్లలో కడుపు నిండి కాలం గడవనివాళ్లు ఎవరో ఆ సందేశం రాసినవారే చెప్పాలి.

నాలుగో నిందకు స్పెయిన్ నుంచి జవాబుంది. అంతర్యుద్ధంలో చితికిపోయిన మొండ్రాగన్ అనే బాస్క్ ఊరికి 1941లో హోసే మరియా అరిస్‌మెండిఅరియెటా అనే యువ మతగురువు వచ్చాడు. అక్కడి కార్మికుల పిల్లలకు పైచదువుల దారి లేదు. వీధుల్లో పెట్టెలు పెట్టించి, బడికి డబ్బు గానీ శ్రమ గానీ ఇవ్వదలచినవాళ్లు చీటీ రాసి వేయమన్నాడు. 1943లో ఇరవై మంది పిల్లలతో వృత్తివిద్యా పాఠశాల తెరుచుకుంది. వాళ్లలో కొందరు ఊరు వదలకుండా, పని మానకుండా సరగోసా విశ్వవిద్యాలయానికి ప్రైవేటుగా పరీక్షలు రాసి ఇంజినీరింగ్ అర్హత కూడా సంపాదించారు. పట్టా మీద వాళ్లకేమీ పగ లేదు. 1956లో అందులో అయిదుగురు తమ పేర్లలోని అక్షరాలు కలిపి ఉల్గోర్ అని పేరుపెట్టి, కిరోసిన్ పొయ్యిలు చేసే సహకార కర్మాగారం మొదలుపెట్టారు. అదే ఈనాటి మొండ్రాగన్ సహకార సమాఖ్య. సుమారు డెబ్బై వేల మందికి ఉపాధి ఇస్తోంది, 1997 నుంచి దానికి సొంత విశ్వవిద్యాలయం కూడా ఉంది. చిన్న బడులన్నీ ఇలా ఎదుగుతాయని చెప్పను. ఎదగాలని కూడా లేదు. ఇరవై మంది అనే అంకె చూసి తూకం వేయవద్దంటున్నాను, అంతే.

చివరిది, మూతపడతాయన్న మాట. అవును, మూతపడతాయి. అమెరికాలో కళలకు పేరుపడిన బ్లాక్ మౌంటెన్ కాలేజీ 1933లో మొదలై, గుర్తింపు లేకుండానే ఎందరో గొప్ప కళాకారులను తయారుచేసి, అప్పుల పాలై 1957లో ఆగిపోయింది. చేరబోయేవాళ్లు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎన్నాళ్లకు సరిపోతుంది, చదివి వెళ్లినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు అని మొహమాటం లేకుండా అడగాలి.

అయితే ఆగిపోవడం అన్నిసార్లూ ఓడిపోవడం కాదు. రష్యా జార్ల ఏలుబడిలోని పోలండ్ నగరం వార్సాలో విశ్వవిద్యాలయం ఆడపిల్లలకు తలుపులు తెరవలేదు. 1880ల నుంచి అక్కడ రహస్యంగా ఎగిరే విశ్వవిద్యాలయం నడిచింది. పోలీసుల కంట పడకుండా తరగతులు ఇల్లు మార్చి ఇల్లు తిరుగుతుండేవి, అందుకే ఆ పేరు. అక్కచెల్లెళ్లు బ్రోనిస్లావా, మరియా స్క్లొడోవ్‌స్కా అక్కడ చదివారు. చెల్లెలు 1891లో పారిస్ వెళ్లింది. ఆమెనే మనం మేరీ క్యూరీ అంటాం. 1905 తిరుగుబాటు తరువాత ఆంక్షలు సడలాయి, దాగవలసిన అవసరం తీరింది, ఆ తరగతులు బహిరంగ సంస్థగా మారాయి. సందేశం రాసినవారి లెక్కలో ఇదీ మూతపడిన బడుల పద్దులోకే వస్తుంది.