అక్షరాలు కనపడేలా

సార్వా దమ్ముల్లో, అదే నాట్లకి ముందు చేను బురద చేసే రోజుల్లో, ట్రాక్టర్ క్లచ్ పోవడమంటే ముహూర్తం వేళకి పంతులుగారి గొంతు పోవడమే. మా పెదనాన్న పాత బండికి అదే జరిగింది. ఇంజను గాండ్రిస్తోంది, దమ్ముకి తగిలించిన ఇనప కేజీవీల్స్ బురదలోంచి కదలవు, కాలిన వాసన మాత్రం గట్టుదాకా వస్తోంది.

"ప్లేటు అయిపోయిందండి" అన్నాడు మేస్త్రి, బండి దగ్గరికి రాకుండానే.

పెదనాన్న డ్రైవరు కేసి చూశాడు. డ్రైవరు తన ఎడంకాలి కేసి చూసుకున్నాడు. పొద్దున్న ఎక్కింది మొదలు దిగేదాకా ఆ కాలు క్లచ్ పెడల్ మీదే ఉంటుంది, ప్లేటు అరక్క ఏం చేస్తుంది? మరెక్కడ పెట్టుకోమంటారండీ అని అతని వాదన.

ట్రాక్టర్ క్లచ్ పక్కమూత విప్పితే అందేది కాదు. ఇంజనుకీ గేర్ బాక్సుకీ మధ్యన దాక్కుని, తొక్కినప్పుడు రెంటినీ విడదీస్తుంది. బండిని నడుం దగ్గర రెండు ముక్కలు చేయాల్సిందే. వెనక చక్రాలకి మొద్దులు, ఇంజను కింద జాకీ, ముందు సగం పక్కకి ఒరక్కుండా ఇరుసు దగ్గర చెక్కముక్కలు. డీజిలు పైపు, వైర్లు, ఇంజను ఆపే స్టాపరు తీగ ఊడదీసి ముందు సగాన్ని అవతలికి తోసేసరికి చింతచెట్టు కింద ఊరు సగం చేరింది. పాత ప్లేటు అరిగిపోయి రివిట్లు బయటపడ్డాయి. కొత్తది బిగించమని పనికుర్రాడికి చెప్పి, మేస్త్రి టీ తాగడానికెళ్లాడు.

కలిపారు. స్టార్టయింది. క్లచ్ తొక్కి గేరు వేస్తే గరగరమంది తప్ప పడలేదు.

అక్కణ్ణుంచి వైద్యం మొదలైంది. పెడల్‌కి ఆట, అంటే క్లచ్ అందుకునేలోపు ఉత్తినే కదిలే కదలిక, ఎక్కువైందన్నారొకరు. 20, 25 మిల్లీమీటర్లు ఉండాల్సిన ఆటని రాడ్డు తిప్పి తిప్పి సున్నా చేశారు. తొక్కినప్పుడు ప్లేటుని వదిలించే ఫింగర్లు మూడూ ఒకే ఎత్తులో లేవన్నారింకొకరు. క్లచ్ గూటికున్న చిన్న కిటికీలోంచి స్పానర్ దూర్చి వాటినీ కదిపారు. గేరాయిల్ చిక్కబడిందన్నవాడికి బండే లేదు. మళ్లీ విడగొట్టి చూద్దామని మాత్రం ఎవరూ నోరెత్తలేదు. శుభమా అని కలిపిన బండి, ఆ మాట అనకూడదు.

చివరికి రిటైరైన మాస్టారు గొడుగు మడిచి ముందుకొచ్చారు. "ప్లేటు అంటుకుపోయుంటుందోయ్. గేరులో పెట్టి స్టార్టు చెయ్యండి, అదే విడిపోద్ది" అన్నారు. నెలల తరబడి నిలబెట్టి తుప్పుపట్టిన బండికైతే అది మంచి చిట్కాయే. నిన్న డబ్బాలోంచి తీసిన ప్లేటుకి తుప్పెక్కడిది? ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

డ్రైవరు క్లచ్ అదిమిపట్టి స్టార్టర్ నొక్కాడు. బండి బయల్దేరింది. క్లచ్ నేలకంటా తొక్కినా ఆగదే!

"తాళం తీసెయ్!" అని ఊరంతా అరిచింది. తీసి, చెయ్యెత్తి అందరికీ చూపించాడు పాపం. పాత డీజిలింజనుకి తాళంతో పనేముంది? స్టాపరు లాగాలి. లాగాడు. తీగంతా చేతిలోకి వచ్చేసింది, అవతలి కొస ఎవరూ తిరిగి సరిగ్గా బిగించలేదు మరి. బ్రేకులంటారా, అది వేరే వ్యాసం. చివరికి బండి గడ్డిమేటులో నడుందాకా దూరి, తనంతట తనే ఊపిరి వదిలేసింది. మేటు పక్కనున్న గేదె లేచి, రెండడుగులు జరిగి, మళ్లీ పడుకుంది.

ఇక తప్పక విడగొట్టారు. ప్లేటు తిరగేసి ఉంది! గేర్ బాక్సు వైపు ఉండాల్సిన ఎత్తు బొడిపె ఇంజను వెనక తిరిగే బరువు చక్రం, ఫ్లైవీల్, బోల్టులకి ఆనుకుని కూర్చుంది. అలా కూర్చుంటే పెడల్ మీద ఊరంతా నిలబడినా క్లచ్ విడదు. పైగా ప్లేటు మీద ఇంత లావు అక్షరాలతో 'ఫ్లైవీల్ సైడ్' అని రాసే ఉంది.

"కనపడలేదేంట్రా?" అన్నాడు మేస్త్రి.

"కనపడిందండి. అటు తిప్పితే అక్షరాలు లోపలికెళ్లి కనపడకుండా పోతన్నాయని, అందరికీ కనపడేలా ఇటు పెట్టానండి."

పెదనాన్న తలపట్టుకున్నాడు. "నీకు చదువు చెప్పిన మహానుభావుడెవర్రా?"

కుర్రాడు చెట్టు కేసి చూపించాడు. మాస్టారు అప్పటికే గొడుగు వేసుకుని కాలవగట్టు మలుపు తిరిగిపోయారు.