మావాడికి తీటా ఎక్కువట!

న్యూరోఫీడ్‌బ్యాక్ థెరపీకి (మెదడు తరంగాల్ని తెర మీద చూపిస్తూ, వాటిని మార్చుకోవడం నేర్పే శిక్షణ) మొదటిసారి వెళ్లేవారికి ముఖ్య గమనిక: తలకు నూనె రాయకూడదు. ఇంటర్ చదివే మా మేనల్లుడికి చదువు మీద ధ్యాస లేదని తీసుకెళ్లిన రోజు, "ఎండుగడ్డి లాంటి జుట్టుతో డాక్టరు దగ్గరికా!" అంటూ మా అమ్మ వాడి తలకు గిన్నెడు కొబ్బరినూనె మర్దించింది. నూనె ఉంటే సిగ్నల్ సరిగ్గా రాదని రిసెప్షన్ నుంచే వెనక్కి పంపారు. మర్నాడు షాంపూతో రుద్ది తీసుకెళ్తే, ఆ శుభ్రమైన తలకు వాళ్లే ఏదో జిగురు పట్టించారు. మనం పూస్తే జిడ్డు, వాళ్లు పూస్తే సైన్సు.

తర్వాత 19 ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టి మెదడుకు మ్యాపు తీస్తారు. కదలకూడదు, పళ్లు బిగించకూడదు. మ్యాపు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది, తుఫాను వార్తల్లో బంగాళాఖాతంలా. ఎర్రగా ఉన్నచోట పెన్ను ఆనించి నిపుణుడు గంభీరంగా చెప్పాడు:

"మీవాడికి తీటా ఎక్కువండీ."

"పదేళ్లుగా నేను మొత్తుకునేది అదేనండీ! మా ఆయన వింటేగా," అంది అక్క.

"తీట కాదమ్మా, తీటా. మెదడులో తరంగం. సెకనుకు 4 నుంచి 8 సార్లు వస్తుంది."

"సెకనుకేంటండీ, వీడికి పొద్దస్తమానం తీటే!"

వైద్యం ఏమిటంటే, తెర మీద విమానం. తీటా తగ్గితే పైకి లేస్తుంది, పెరిగితే దిగిపోతుంది. మావాడు కుర్చీలో కూర్చున్నాడు. విమానం లేచింది. అక్క దణ్ణం పెట్టుకుంది. బావ "ఎక్కించరా, ఇంకా ఎక్కించు!" అని ముందుకు వంగాడు. రెండు నిమిషాలకి మావాడి తల వాలింది, విమానం ముక్కు వాలింది, అందరం చూస్తుండగానే సముద్రంలో మునిగింది. "విమానం కూడా నిలబెట్టలేవట్రా!" అంది అక్క కళ్లొత్తుకుంటూ.

ఇలాంటివి 40 సెషన్లు. ఒకేసారి కడితే తగ్గింపు.

1960ల్లో అమెరికాలో బ్యారీ స్టెర్మన్ అనే శాస్త్రవేత్త పిల్లులకి ఇలాంటి శిక్షణే ఇచ్చాడు. కావలసిన తరంగం వచ్చినప్పుడల్లా వాటికి పాలల్లో చికెన్ రసం కలిపి పోసేవారు. మావాడికి బీప్ మాత్రమే. 2021లో ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) ఉన్న 140 మందికి పైగా పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి అచ్చయింది. కొందరికి వాళ్ల తరంగాలే చూపించి, మిగతావాళ్లకి ఎప్పుడో రికార్డు చేసినవి చూపించారు. రెండు గుంపులూ దాదాపు ఒకేలా బాగుపడ్డాయి. ఈ ముక్క బ్రోచరులో లేదు. చోటు సరిపోలేదేమో.

ఇంకో ముక్క కూడా లేదు. నిద్ర ముంచుకొచ్చినా తీటా పెరుగుతుంది. మావాడి కాలేజీలో పొద్దున అయిదుకి బెల్లు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్, ఆదివారం పరీక్ష. పదహారేళ్ల పిల్లాడయ్యా! ఏడాదిగా కంటినిండా నిద్ర లేదు వాడికి. తెల్లకోటు వేసుకుని, అంత యంత్రం ముందు కూర్చుని, "ఎన్నింటికి పడుకుంటావు నాన్నా?" అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా మీకు? దానికి ఏ ఎలక్ట్రోడు కావాలి? మాకైనా సిగ్గుండాలి, ఫీజు కట్టి మరీ వాణ్ణి ఆ కాలేజీలో పడేసింది మేమేగా.

బయటికొచ్చాక అక్క 40కీ కార్డు గీకింది. జిగురు తల గోక్కుంటూ వాడు నా చెవిలో అడిగాడు:

"మామయ్యా, సెషన్లు క్లాసు టైములో పెట్టించవా? ఆ కుర్చీ వెనక్కి వాలుతుంది."