కట్టెలా, గ్యాసా అంట!

పొద్దున కాఫీ కూడా గొంతు దిగకముందే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మా అన్న పోల్ పెట్టాడు. "కొత్తింట్లో ఫైర్‌ప్లేస్ పెడుతున్నాం. గ్యాసా, కట్టెలా?" కింద రెండు ఫోటోలు. మంచు కురిసే దేశంలో ఎవరిదో హాలు, నిప్పు ముందర బొచ్చుకుక్క పడుకొనుంది. ఇల్లేమో బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు పక్కన. 2024 ఎండాకాలంలో ట్యాంకర్ వాళ్ళ కాళ్ళు పట్టుకున్న లేఅవుట్ అది. స్నానానికి నీళ్ళు లేవు గానీ చలి కాచుకోవడానికి ఏర్పాట్లు మాత్రం జోరుగా సాగుతున్నాయి.

ఇప్పటికి పదకొండు ఓట్లు పడ్డాయి. కట్టెలకి ఏడు, గ్యాసుకి నాలుగు. "అసలెందుకు" అనే ఆప్షన్ పెట్టలేదు, మా అన్న తెలివైనోడు.

బెంగళూరు చలి మనకు తెలియందా? జనవరి తెల్లవారుజామున పదిహేనో, పదహారో డిగ్రీలు. స్వెటరు వేసుకుని ఇంకో కాఫీ తాగితే పోయే చలి. ఈ ఊరి రికార్డు 7.8 డిగ్రీలు, అది పడింది 1884 జనవరిలో. అది మళ్ళీ వస్తుందని మావాడు కాచుకుని కూర్చున్నట్టున్నాడు. "కంటోన్మెంట్ పాత బంగళాల్లో దొరలు పెట్టుకున్నారు కదక్కా" అంటాడు మా వదిన తమ్ముడు. దొరలు పంకా లాగడానికి మనిషిని కూడా పెట్టుకున్నారు నాయనా, నువ్వు ఖాళీయే కదా, రా మరి.

నిన్న ఇల్లు చూపిస్తామని తీసుకుపోయారు. మారతహళ్ళి నుంచి అక్కడికి పోయేసరికే గంటన్నర, సగం కోపం దారిలోనే వచ్చేసింది. అక్కడ ఇంటీరియర్ అబ్బాయి లాప్‌టాప్ తెరిచి, "గ్యాసైతే క్లీన్‌గా ఉంటుంది మేడమ్, కట్టెలైతే ఆ ఫీల్ వస్తుంది" అన్నాడు. గ్యాసు దాంట్లో పింగాణీ దుంగలు పేరుస్తారట. కాలవు, బూడిదవ్వవు, ఊరికే ఎర్రబడి కూర్చుంటాయి. పెళ్ళి భోజనంలో ప్లాస్టిక్ అరిటాకు లాంటి వ్యవహారం. పొగగొట్టం ఎక్కడని అడిగితే, "ఇది వెంట్ లేని మోడల్ మేడమ్, గోడ పగలగొట్టే పనే లేదు" అని మురిసిపోయాడు.

నేను పదకొండో తరగతి పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి పొట్ట పోసుకునేదాన్ని. నోరు ఊరుకోదు. బాబూ, కిలో ఎల్పీజీ మండితే కిలోన్నరకు పైగా నీళ్ళు ఆవిరై ఈ హాల్లోకే వస్తాయి. జూలై తుంపరకే బీరువా వెనక బూజు పట్టే ఊరిది. గాలి చాలక సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. గ్యాసుకైతే తెలియాలని కంపు కలుపుతారు, దీనికెవరు కలుపుతారు? ఇక ఎల్పీజీ లీకైతే గాలికన్నా బరువు కాబట్టి నేలమీదే పరుచుకుంటుంది, అంటే సరిగ్గా మీ ఫోటోలో కుక్క పడుకున్న చోట. ఆ అబ్బాయి లాప్‌టాప్ కొంచెం మూశాడు. వదిన మొహం పూర్తిగా మూసుకుంది.

కట్టెలదైతే చెప్పనే అక్కర్లేదు. గోడలో నోరు తెరుచుకున్న పొయ్యి అది. వేడిలో ఎక్కువ భాగం గొట్టంలోంచి ఆకాశానికి పోతుంది, పోతూ పోతూ గదిలో ఉన్న వెచ్చటి గాలిని కూడా లాక్కుపోతుంది. కట్టె నెలల తరబడి ఆరకపోతే పొగ గొట్టంలో తారులా పేరుకుని, ఎప్పుడో ఒకరోజు ఆ తారే అంటుకుంటుంది. అందుకే ఏటా గొట్టం తోమించాలి. ఎవరు తోముతారు? ఈ ఊళ్ళో ప్లంబర్ రావడానికే మూడు ఆదివారాలు పడుతుంది.

అప్పుడన్నాడు మా అన్న: "నీకు గుర్తుందా, మన వంటింటి పొగ వాసన? ఎంత బాగుండేదో! నాకా నాస్టాల్జియా కావాలి."

అక్కడ కాలింది నాకు.

ఏం గుర్తుండాలి? మదనపల్లె దగ్గర మా ఊరికి 1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా గ్రూపులో ఉన్నందుకు అమ్మకీ గ్యాసిచ్చారు. ఆ స్టవ్వు మీద గుడ్డ కప్పి పెట్టేవాళ్ళు. అయ్యవారు, అదే మా అన్న, హాస్టల్ నుంచి వచ్చినప్పుడు కాఫీకి గుడ్డ తీసేవాళ్ళు. రీఫిల్ డబ్బులు కూడా అయ్యవారి మెస్ బిల్లుకే పోయేవి. మిగతా రోజులన్నీ కట్టెల పొయ్యే. కంది కట్టె మోపు నెత్తినెత్తుకుని తెచ్చింది నేను. వానాకాలంలో పచ్చి తుమ్మకట్టె కొసన నురగ కక్కుతూ బుస్సుమనేది. అమ్మ ఊదుగొట్టంతో ఊది, మొహం పక్కకు తిప్పుకుని దగ్గి, కొంగుతో కళ్ళొత్తుకుని మళ్ళీ ఊదేది. ఆ పొగలోనే కూర్చుని తెడ్డుతో సంగటి కెలికేది. అన్న ఆ వాసన పీల్చింది వీధి అరుగు మీద కూర్చుని. అంత దూరం నుంచి బాగానే ఉంటుంది.

రెండేళ్ళ కింద అమ్మకు ఊపిరాడకపోతే ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎన్నేళ్ళు సిగరెట్ తాగారమ్మా?" అమ్మ తప్పు చేసినదానిలా నా వైపు చూసింది. సీఓపీడీ అన్నారు, ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు. సిగరెట్ ముట్టకపోయినా పొయ్యి పొగకే వస్తుందట, మన దగ్గర ఈ జబ్బున్న ఆడవాళ్ళలో చాలామందికి అలాగే వచ్చిందట. ఇన్‌హేలర్ బిల్లు నెలనెలా నేనే కడుతున్నా. దానికెవరూ పోల్ పెట్టలేదు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. వాడు నయం. ఇంకో విషయం, ఆ ఇంట్లో అమ్మకని ఒక గది ఉంది, పై అంతస్తులో. అమ్మ మోకాళ్ళు ఎవరికీ గుర్తుకు రాలేదు. కట్టెలదే పెడితే పొగగొట్టం ఆ గది గోడ పక్కనుంచే పైకి పోతుందట. "చలికాలం నీ గది వెచ్చగా ఉంటుందమ్మా" అన్నాడు మా అన్న, ఏదో వరమిచ్చినట్టు. "ఎందుకు నాయనా, నాకు దుప్పటుంది కదా" అంది అమ్మ. ఆ మాట వాడి చెవికెక్కినట్టు లేదు, టైల్స్ చూపించడానికి పోయాడు.

ఇందాక గ్రూపులో రాశాను: "మూడో ఆప్షన్ పెట్టు అన్నా, ఆ డబ్బుతో ఇంటికి లిఫ్ట్." అందరూ చూశారు, ఒక్కరూ పలకలేదు. పిన్ని బొటనవేలు పెట్టి మళ్ళీ తీసేసింది. వదిన ఫోన్ చేస్తోంది, ఇది రెండోసారి. ఎత్తను.