అమృతం పేలింది

ఉగాదికి ముందు వారం ఇంట్లోంచే ఆఫీసు పని. మీటింగుకీ మీటింగుకీ మధ్య ఖాళీ దొరికితే తెలివైనవాళ్ళు కునుకు తీస్తారు. నేను డాబా ఎక్కాను.

మాది విజయనగరం. డాబామీద పదిహేను కుండీలు, ఓ ఆనప పాదు, మా ఆవిడ ప్రాణంలా చూసుకునే గుండుమల్లె ఉన్నాయి. మొదటిరోజు మల్లెకి క్షవరం చేశాను. మల్లెకొమ్మలు కత్తిరించాలని ఎక్కడో చదివాను గానీ, ఎప్పుడన్నది చదవలేదు. అది చలికాలంలో చేసే పనట. కొత్త చిగుళ్ళకే మొగ్గలొస్తాయి. మార్చిలో కోస్తే అవన్నీ చెత్తబుట్టలోకే. మా ఆవిడ బోడి చెట్టుకేసి చూసి, ఏమీ అనకుండా కిందకి దిగిపోయింది. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

ప్రాయశ్చిత్తంగా, మొక్కలకి బలానికి పోసే జీవామృతం తలపెట్టాను. లెక్క తేలికే. 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టుమన్ను. మన్ను అయ్యకోనేరు గట్టునుంచి తెచ్చాను. నా డ్రమ్ము 20 లీటర్లది కాబట్టి అన్నీ పదోవంతు. పేడ, పంచితం, పిండి కొలతప్రకారమే వేశాను. బెల్లం దగ్గర చెయ్యి ఆగలేదు. బొబ్బట్లలో బెల్లం ఎక్కువైందని ఎవరైనా గొడవపడ్డారా? పండక్కి తెచ్చిన అనకాపల్లి బెల్లం దిమ్మ మొత్తం వేసేశాను.

మర్నాటికి వాసన మెట్లు దిగి వంటింట్లోకొచ్చింది.

"ఏమండీ, పైన ఏదైనా చచ్చిందా?"

డ్రమ్ము మీద గోనెసంచి కప్పి, రోజుకి రెండుసార్లు కర్రతో కలపాలి. గోనెసంచి వాసనని ఆపుతుందా? అందుకే మూత బిగించి, పైన ఇటుక పెట్టాను. కలపడం మానేశాను. బెల్లం తిని సూక్ష్మజీవులు గాలి వదులుతాయనీ, అది పోవడానికి దారి కావాలనీ అప్పటికి తట్టలేదు. సాయంత్రానికి డ్రమ్ము పొట్ట ఉబ్బింది. ఇడ్లీపిండి పొంగితే సంబరపడినట్టు సంబరపడ్డాను.

మూడోరోజు పదకొండింటికి మీటింగు నడుస్తుంటే, చెవుల్లో హెడ్‌ఫోన్స్‌తోనే పైకెళ్ళాను. ఇటుక తీసి, మూత ఇలా తిప్పానో లేదో, ఢాం! మూత పిట్టగోడ దాటి పక్కడాబా మీద వాలింది. అమృతంలో సగం నామీద, సగం మూత వెనకే.

పక్కడాబా మీద పిన్నిగారు పాత నేతచీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతున్నారు.

"ఏటి బాబూ ఇది! నా ఒడియాల మీద ఏటి పోసేవు?"

"జీవామృతం పిన్నిగారూ..."

"ఇదా అమృతం? ఇదే అయితే దేవతలు రాక్షసులకే ఇచ్చీసుందురు!"

హెడ్‌ఫోన్స్‌లో ఎవరో పకపకా నవ్వారు. మైకు ఆపలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మా మేనేజరు మాత్రం పెద్దమనిషి, "ముందు స్నానం చేసి రండి" అన్నారు.

ఆదివారం నేను చేసిన తోటపని ఒక్కటే. పిన్నిగారింట్లో పీట మీద కూర్చుని, నా డబ్బుతో కొన్న రెండు బూడిద గుమ్మడికాయలు ముక్కలు కోశాను. మినప్పప్పు కూడా నాదే. ముక్క పెద్దదైనప్పుడల్లా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "మళ్ళీ కొయ్యి నాయనా" అనేవారు. మధ్యలో మా ఆవిడ వచ్చి, వీడియో తీసుకుని వెళ్ళింది. ఇప్పటికి చుట్టాలందరూ చూసే ఉంటారు.

ఉగాది పొద్దున్న అందరికీ ఒక గిన్నెలో పచ్చడి, నాకొక్కడికీ వేరే గిన్నెలో. నోట్లో పెట్టుకున్నాను. మామిడి ముక్కలు, చింతపండు, ఉప్పు, కారం ఉన్నాయి. వేపపువ్వయితే దండిగా ఉంది.

"బెల్లమేదీ?" అన్నాను.

"డాబా మీదుంది, వెళ్ళి గీక్కోండి" అంది.