రథయాత్రకు ముందే తేల్చుకోవాల్సిన సూది

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా వీధి చివర మెడికల్ షాపుకి వెళ్లి ఫ్లూ టీకా ఉందా అని అడిగితే, కౌంటర్ దగ్గరున్న కుర్రాడు "జ్వరం ఎవరికి మాస్టారూ?" అన్నాడు. ఎవరికీ లేదన్నాను. అతనికి బోధపడలేదు. జ్వరం వస్తే సూది వేయించుకుంటారు గానీ, ఏ రోగమూ లేకుండా పెద్దవాళ్లకి సూది ఏమిటి? ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది, కుక్కకాటు మందు ఉంది. ఇది మాత్రం లేదు. కావాలంటే బరంపురం నుంచి తెప్పిస్తాడట. డబ్బు ముందే కట్టాలి, తెచ్చాక వద్దంటే కుదరదు.

ఇదంతా మా అమ్మ కోసం. ఆవిడకి డెబ్బై ఒకటి. చాలా ఏళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. రెండేళ్ల కిందట శ్రావణంలో జ్వరం వస్తే వైరల్ అన్నారు, మాత్రలిచ్చారు. నాలుగో రోజు రాత్రి ఆయాసం మొదలైంది. తెల్లారేసరికి అంబులెన్స్‌లో విశాఖ దారి పట్టాం. అక్కడ ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసి ఇన్‌ఫ్లుయెంజా, అంటే ఫ్లూ అని తేల్చారు. బతికి బయటపడింది గానీ, ఆ వర్షాకాలం మా ఇంటి లెక్కలన్నీ తలకిందులయ్యాయి.

తర్వాత న్యూజెర్సీ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అక్టోబరులో అమ్మకి ఫ్లూ షాట్ వేయించమన్నాడు. అక్కడ అందరూ చలికాలానికి ముందే వేయించుకుంటారు కదా. ఆ సలహా విన్నాను. అదే పొరపాటని తర్వాత తెలిసింది.

ఫ్లూ అన్ని దేశాలకీ ఒకే నెలలో రాదు. అమెరికాలో, యూరప్‌లో చలితో వస్తుంది. మనకి ప్రధానంగా వానతో వస్తుంది. దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెద్ద విడత నడుస్తుంది. జనవరి నుంచి మార్చి మధ్య ఇంకొకటి, సాధారణంగా చిన్నది, వస్తుంది. కశ్మీర్‌లో చలికాలమే అసలు సీజను. తమిళనాడులో ఈశాన్య రుతుపవనాలప్పుడు ఎక్కువ. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉండే మనం కిటికీలు మూసుకుని, ఒకే గదిలో నలుగురం ముడుచుకుని కూర్చునేది ఆషాఢ శ్రావణాల్లోనే. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారు కావడానికి రెండు వారాలు పడుతుంది. తర్వాత నెలలు గడిచేకొద్దీ అది పలచబడుతుంది. అంటే అక్టోబరులో వేయించిన సూది బలం మన వర్షాకాలం వచ్చేసరికి చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. మన వైపు సరైన సమయం ఏప్రిల్, మే నెలలు. రథం లాగే రోజుకి వేయించుకుని రెండు వారాలైనా దాటి ఉండాలి. ఆలస్యమైతే జులైలో వేయించినా దండగేమీ కాదు, కాకపోతే ఆ రెండు వారాల్లో ఎవరు దగ్గినా భయమే.

దీంట్లోనే ఇంకో మెలిక ఉంది. వైరస్ తరచూ రూపు మార్చుకుంటుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకా తయారీకి సూచనలిస్తుంది. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళం కోసం, సెప్టెంబరులో దక్షిణార్ధగోళం కోసం. భూగోళం ప్రకారం మనం ఉత్తరం వాళ్లమే. ఫ్లూ ప్రకారం చూస్తే, వానలకు ముందు వేయించుకునేవాళ్లకి దక్షిణార్ధగోళం టీకాయే తాజాగా దొరికేది. అందుకే పెట్టె కొనేముందు దాని మీద ఏ ఏడాదిదో, ఏ అర్ధగోళానిదో చూడాలి. గడువు తేదీ ఒక్కటీ చూసి తీసుకుంటే నిరుటి సరుకు అంటగట్టినా తెలియదు.

సరే, ఇంత హైరానా పడి వేయిస్తే ఎంత పనిచేస్తుంది? వైరస్‌కీ టీకాకీ బాగా పొంతన కుదిరిన ఏడాది, డాక్టరు దగ్గరికి పరిగెత్తించే ఫ్లూని 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తుంది. పొంతన కుదరకపోతే అంతకంటే తక్కువ. పెద్ద వయసులో ఇంకా తగ్గొచ్చు. ఇది విని మా బాబాయి "సగం పనిచేసేదానికి పూర్తి డబ్బులెందుకురా?" అన్నాడు. ఆయన లెక్క మామూలుగా సబబే. ముప్పై అయిదేళ్లు, ఏ జబ్బూ లేదు, ఉమ్మడి కాపురం కాదు అనుకుంటే ఆ డబ్బుతో ఏం చేసుకోవాలన్నది వాళ్ల ఇష్టం. నేను వాదించను. కానీ షుగరు, గుండెజబ్బు, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి, గర్భిణులకి, అయిదేళ్లలోపు పిల్లలకి ఫ్లూ మూడు రోజుల పడకతో పోతుందన్న భరోసా లేదు. 2018లో కెనడాలోని ఒంటారియో నుంచి వచ్చిన అధ్యయనంలో, ఫ్లూ అని పరీక్షలో తేలిన తర్వాతి వారంలో గుండెపోటు ముప్పు మామూలు రోజుల కంటే దాదాపు ఆరు రెట్లుందని కనిపించింది. బీపీ మాత్ర వేసుకునే మనిషి ఇంట్లో ఉంటే ఆ సగం కూడా నాకు తక్కువగా అనిపించదు.

మన జిల్లాలకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇక్కడ వానల్లో వచ్చే ప్రతి జ్వరానికీ వైరల్ అని పేరు. అందులో మలేరియా ఉంటుంది, డెంగీ ఉంటుంది, పొదల్లోని పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఉంటుంది. ఫ్లూ టీకా వీటిలో దేన్నీ ఆపదు. కొండ ప్రాంతాల కోసం ఒడిశా ప్రభుత్వం 'దమన్' పేరుతో మలేరియా మీద ప్రత్యేక కార్యక్రమమే నడపాల్సి వచ్చింది. కాబట్టి టీకా వేయించాం కదా, ఇది మామూలు జలుబు జ్వరమేలే అని ఇంట్లో కూర్చోవడం టీకా వేయించకపోవడం కంటే ప్రమాదం. టీకా ఉన్నా లేకపోయినా జ్వరం వస్తే రక్తపరీక్ష తప్పదు. "సూది వేయించినా జ్వరం వచ్చింది, అంతా మోసం" అనేవాళ్లలో ఎంతమందికి వచ్చింది అసలు ఫ్లూయేనో ఎవరికి తెలుసు?

సూది వల్లే ఫ్లూ వస్తుందనే భయం మాత్రం తీసిపారేయొచ్చు. మన దగ్గర పెద్దవాళ్లకి వేసే ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్ ముక్కలు. జబ్బ నొప్పి, ఒళ్లు వెచ్చబడటం ఒకటి రెండు రోజులుండొచ్చు. నరాల బలహీనత తెచ్చే గియాన్ బారే అనే జబ్బు పది లక్షల డోసులకి ఒకటి రెండు అదనంగా కనిపించవచ్చని లెక్క. గతంలో ఆ జబ్బు వచ్చినవాళ్లు ముందుగా డాక్టరుకి చెప్పాలి.

నన్ను అసలు విసిగించేది ప్రభుత్వ ధోరణి. ఆశా దీదీ మా వీధిలో ఏ పసిపిల్లకి ఏ టీకా బాకీ ఉందో కార్డు చూడకుండానే చెబుతుంది. అమ్మ టీకా సంగతి అడిగితే పాపం ఆవిడ దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఫ్లూ టీకా జాతీయ టీకాల పట్టికలో లేదు. డెబ్బై దాటినవాళ్లకి ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యం ఉంది. అది ఆస్పత్రిలో చేరితేనే. చేరకుండా కాపాడే సూదికి రూపాయి రాదు. షుగరున్న డెబ్బై ఏళ్లవాళ్లకైనా ఏటా మేలో ఇది ఉచితంగా వేస్తే, ఆగస్టులో ఆస్పత్రి మంచాల మీద పెట్టే ఖర్చు కొంతైనా తగ్గదా? ఇంకో సంగతి, ఆరోగ్య కేంద్రం గోడల మీద రాతలన్నీ ఒడియాలో ఉంటాయి. అమ్మ బజారులో ఒడియా గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. సరిహద్దు ఊళ్లలో ఆ తరం తెలుగువాళ్లు చాలామంది అంతే.

షాపు కుర్రాడు తెప్పించిన మొదటి టీకా 1,900 రూపాయలు. బస్సులో వచ్చింది. మూత తీస్తే థర్మాకోల్ పెట్టెలో ఐసు కరిగి నీళ్లయింది, అట్టపెట్టె తడిసి మెత్తబడింది. డాక్టరుగారు సిరంజిని చేత్తో పట్టుకుని చూసి పక్కన పెట్టేశారు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సింది గది వేడికి వచ్చేసిందన్నారు. పోనీ ఎక్కువ ఐసు కుక్కితే? నేరుగా ఐసుకి ఆనించి గడ్డకట్టించినా పాడవుతుందట. రెండోసారి నేనే బరంపురం వెళ్లాను. ఐసు సంచీకి, టీకా పెట్టెకి మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, మధ్యాహ్నం బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పక్కసీటాయన లడ్డూలా అని అడిగాడు.

అమ్మకి సూది వేశాక డాక్టరుగారు నా వైపు తిరిగి, "మరి మీకు?" అన్నారు. నాకెందుకండీ, నాకే జబ్బూ లేదు అన్నాను. "బళ్లో యాభై మంది పిల్లల మధ్య రోజంతా ఉండి, సాయంత్రం ఆవిడ మంచం పక్కన కూర్చునేది మీరే కదా మాస్టారూ" అన్నారు. రెండేళ్ల కిందటి శ్రావణంలో అమ్మకంటే మూడు రోజుల ముందు నేనే దగ్గాను. అది అప్పుడు గుర్తొచ్చింది.

ఈ మే నెలకి రెండు చెప్పాను. కుర్రాడు రెంటికీ డబ్బు ముందే కట్టించుకున్నాడు.