సవరణ: హెచ్5 యాంటీబాడీకి 75 దగ్గర బ్యాండ్ రాకపోతే

బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 పైనుండే ప్రోటీన్ హీమగ్లుటినిన్ (హెచ్‌ఏ)ను పట్టే యాంటీబాడీ మీద మునుపటి పోస్టులో, వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) 75 కిలోడాల్టన్ల దగ్గర ఒక్క బ్యాండే రావాలని ఉంది. అది రెండు ముక్కలుగా కోత పడని ప్రోటీన్‌కే సరి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లను చంపిన తరహా వైరస్‌లో కోత చోట ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు గుంపుగా ఉంటాయి. కణంలోని ఫ్యూరిన్ అనే ఎంజైమ్ అక్కడే తెంచేస్తుంది. ఆ ముక్కల్ని కలిపి ఉంచే డైసల్ఫైడ్ బంధాన్ని తెంచే మెర్కాప్టోఇథనాల్ వేసి మరిగిస్తే, ముక్కలు రెండూ, హెచ్‌ఏ1 సుమారు 50–55 దగ్గర, హెచ్‌ఏ2 25 దగ్గర విడిపోతాయి. హెచ్‌ఏ1ను పట్టే యాంటీబాడీకి 25 కనిపించదు. పాడైందని వయల్ పారెయ్యకండి! మెర్కాప్టోఇథనాల్ మానేసి నడిపితే ఆ బంధం తెగదు, బ్యాండ్ 75 వైపే ఉంటుంది.

బ్యాండ్ కనిపించేలా చేసే ఎంజైమ్ హెచ్‌ఆర్‌పీ వాడేటప్పుడు బఫర్‌లో సోడియం అజైడ్ వద్దు, ఎంజైమ్ పనిచేయదు. ఫారంలో చచ్చిన కోడికి ఈ పరీక్ష చేయబోకండి. నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబ్‌దే.